తాడుకి రెండో కొస

మొన్న వేసవి సెలవుల్లో మా ఇంటి మీద సోలార్ ప్యానెళ్ళు పెట్టించారు. మా ఇల్లు హనుమాన్ జంక్షన్‌లో, నూజివీడు రోడ్డు వైపు. పనికి వచ్చిన ముగ్గురిలో ఒకతనికి దాదాపు నా వయసే ఉంటుంది. డాబా అంచు దగ్గర వంగి బోల్టులు బిగిస్తున్నాడు. నడుముకి తాడు ఉంది. పర్లేదు, జాగ్రత్తగానే చేస్తున్నారు అనుకున్నాను.

ఊరికే ఆ తాడు ఎటు పోతోందా అని చూశాను. రెండో కొస మా పాత డిష్ గొట్టానికి కట్టి ఉంది. ఆ గొట్టం సంగతి నాకు బాగా తెలుసు. ఒకసారి పెద్ద గాలికి ఒరిగిపోతే మా నాన్నే చేత్తో నిలబెట్టి, పిట్టగోడకి రెండు స్క్రూలు బిగించి వదిలేశారు.

మా నాయనమ్మ కింద నుంచి, "ఒరే నాన్నా, ఎండకి కళ్ళు తిరుగుతాయి, కాసేపు దిగరా" అంది. "ఏం కాదు మామ్మగారూ, రోజూ ఎక్కేదేగా" అన్నాడతను. మా నాన్న కూడా, "తాడు కట్టుకున్నాడులే అమ్మా" అన్నారు.

ఏమీ జరగలేదు. మూడింటికి పని అయిపోయింది, మజ్జిగ తాగి వెళ్ళిపోయారు. కానీ ఆ తాడు నా బుర్రలోంచి పోలేదు. అతను నిజంగా జారి ఉంటే ఏమయ్యేది? తాడు తెగకపోవచ్చు. గొట్టం ఊడి అతనితోపాటే కిందకి వచ్చేది. అంటే అక్కడున్న మా అందరికీ ధైర్యం ఇచ్చిన ఆ తాడు, అతనికి మాత్రం ఏమీ ఇవ్వలేదు.

అప్పటినుంచి దీని గురించి చదువుతున్నాను. నాది సీఎస్ఈ, సివిల్ కాదు. అందుకే ఇది చదివి ఎవరూ డ్రిల్లు మిషన్ పట్టుకుని డాబా ఎక్కొద్దు. కానీ పైకి ఎక్కే మనిషిని చూసినప్పుడు ఏం చూడాలో, ఏం అడగాలో తెలియడానికి మాత్రం ఇంటర్ ఫిజిక్స్ చాలు.

యాంకర్ అంటే ఏంటి?

యాంకర్ అనగానే సుమ గారు గుర్తొస్తే అది మీ తప్పు కాదు. ఇక్కడ యాంకర్ అంటే లంగరు. పైకప్పు మీద పనిచేసే మనిషి తన తాడు తగిలించుకునే గట్టి ఆధారం. అది స్లాబులో బిగించిన ఇనుప కన్ను కావచ్చు, కాంక్రీటు పిల్లర్ చుట్టూ వేసిన బలమైన పట్టీ కావచ్చు, షెడ్డు పైన ఈ చివర నుంచి ఆ చివర దాకా లాగిన స్టీలు తీగ కావచ్చు.

ఈ ఆలోచన మనకి కొత్తదేం కాదు. మన డెల్టాలో తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడి మోకు చూడండి. తాడు ఒక వైపు మనిషి ఒంటికి, ఇంకో వైపు చెట్టు చుట్టూ. ఆ మోకుకి ఆధారం ఏది అంటే తాటిచెట్టే. గాలికి ఊగుతుంది కానీ ఊడి రాదు. అతను పైకి జరిగే కొద్దీ ఆధారం కూడా అతనితో పాటు పైకి వస్తుంది. ఎక్కేవాడు ముందు చెట్టుని చూసుకుంటాడు, తర్వాతే మోకు వేస్తాడు. అయినా జారి పడిపోయినవాళ్ళు ఉన్నారు. ఎందుకంటే కాలు పట్టు తప్పితే మోకు కూడా చెట్టు వెంట జారుతుంది. అందుకే 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్ష పేరుతో గీత కార్మికులకి సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది.

మా డాబా మీద జరిగింది దీనికి తలకిందులు. తాడు చూసుకున్నారు, చెట్టుని చూసుకోలేదు.

2 మీటర్లు అంటే ఎంత?

80 కేజీల మనిషి, 2 మీటర్ల తాడు. అతను 2 మీటర్లు పడ్డాక తాడు బిగుసుకుంది అనుకుందాం. ఆ పడటానికి పట్టే టైము సుమారు 0.64 సెకను. అప్పటికి వేగం సెకనుకి 6.3 మీటర్లు, అంటే గంటకి 22 కిలోమీటర్ల పైనే. "పడబోయేటప్పుడు ఏదో ఒకటి పట్టుకుంటాలే" అనే మాటకి ఇదే జవాబు. 0.64 సెకనులో ఎవరూ ఏదీ పట్టుకోలేరు.

ఇప్పుడు అసలు లెక్క. పడినప్పుడు వచ్చిన శక్తి ద్రవ్యరాశి, జి, ఎత్తుల లబ్ధం. 80, 9.8, 2 గుణిస్తే 1568 జౌళ్ళు. ఈ శక్తి అంతా ఎక్కడో ఒకచోట ఖర్చవ్వాలి. తాడు సాగని రకమై, మనిషి 10 సెంటీమీటర్లలో ఆగిపోయాడు అనుకుంటే సగటు బలం 16 కిలోన్యూటన్లు దాటుతుంది. బరువులో చెప్పాలంటే దాదాపు 1,700 కేజీలు. రెండు ఆల్టో కార్లని ఆ గొట్టానికి వేలాడదీసినట్టు. ఆ బలం గొట్టం మీద ఎంతో మనిషి నడుము మీద కూడా అంతే. గొట్టం ఊడకపోతే వెన్నెముక పోతుంది.

అందుకే తాడు మధ్యలో షాక్ అబ్జార్బర్ ఉంటుంది. చూడటానికి చిన్న సంచిలా ఉంటుంది. లోపల మడతలు పెట్టి కుట్టిన పట్టీ. లోడు పడగానే ఆ కుట్లు ఒక్కొక్కటే చిరుగుతూ పట్టీ సాగుతుంది. అది 4 కిలోన్యూటన్ల దగ్గర చిరిగే రకం అనుకుంటే, పై మనిషి సుమారు అర మీటరు దూరంలో నెమ్మదిగా ఆగుతాడు. 16 కాస్తా 4 అయింది. యూరప్ ప్రమాణాల్లో మనిషి మీద పడే బలం 6 కిలోన్యూటన్లు దాటకూడదు. ఇదీ చిన్నదేం కాదు, సుమారు 600 కేజీలు. మూడు బుల్లెట్ బండ్లు.

కాబట్టి యాంకర్ ఎంత గట్టిగా ఉండాలో చూడండి. యూరప్ ప్రమాణం ఈఎన్ 795 ప్రకారం ఒక మనిషి వాడే లోహపు యాంకర్ 12 కిలోన్యూటన్ల లోడుని 3 నిమిషాలు మోయాలి. అమెరికాలో ఓషా నియమం ఒక్కో మనిషికి 5,000 పౌండ్లు, అంటే 2,268 కేజీలు. అలా కాకపోతే అర్హత ఉన్న ఇంజనీరు డిజైన్ చేసి, రావాల్సిన బలానికి రెట్టింపు మోసేలా చూడాలి.

మనిషి బరువు 80 కేజీలే కదా, గొట్టం పట్టుకుని ఊపి చూశాం, కదల్లేదు అనుకోవడంలో తప్పు ఇక్కడే ఉంది. యాంకర్ మోయాల్సింది మనిషి బరువుని కాదు, మనిషి పతనాన్ని.

ఏవి యాంకర్లు కావు?

మన ఊళ్ళలో డాబాల మీద తాడు కట్టడానికి దొరికేవి ఇవీ: డిష్ గొట్టం, నీళ్ళ ట్యాంకు పైపు, బట్టలు ఆరేసే ఇనుప స్తంభం, సోలార్ ప్యానెల్ రైలు, పిట్టగోడ. వీటిలో ఏదీ యాంకర్ కాదు. ప్యానెల్ ఫ్రేములు గాలినీ వాటి బరువునీ తట్టుకునేలా డిజైన్ చేస్తారు కానీ పడే మనిషిని ఆపడానికి కాదు. పిట్టగోడ చాలా ఇళ్ళలో నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ. అందులో బోల్టు దిగితే ఇటుకతో సహా బయటికి వస్తుంది.

పై అంతస్తు కోసం వదిలేసిన పిల్లర్ ఊచలు చూస్తే చాలా గట్టిగా కనిపిస్తాయి. కానీ అవి ఏళ్ళ తరబడి వానకి తుప్పు పట్టి ఉంటాయి. పైన కొసలు తెరిచి ఉంటాయి కాబట్టి తాడు పైకి జారి బయటికి వచ్చేయొచ్చు. మనిషి వాటి మీద పడితే ఇంకో ప్రమాదం.

మరి ఏవి పనికొస్తాయి? ఇంటి బరువు మోసేవి. మెట్ల గదిని మోసే కాంక్రీటు పిల్లరు, బీము లాంటివి. వాటి చుట్టూ యాంకర్ పట్టీ వేయొచ్చు, అదీ తెలిసిన ఇంజనీరు చూసి సరే అన్నాక. స్లాబులో కొత్తగా బిగించేటప్పుడు ఇంకో మెలిక ఉంది. చాలా డాబాల మీద అసలు స్లాబుకి పైన నీళ్ళు కారకుండా వేసిన పూత పొర ఉంటుంది. బోల్టు ఆ పొరలోనే ఆగిపోతే పైకి ఎంత నీట్‌గా కనిపించినా పట్టు ఉండదు. కింద ఉన్న కాంక్రీటులోకి కంపెనీ చెప్పినంత లోతు దిగాలి, రంధ్రంలో దుమ్ము పోయేలా శుభ్రం చేయాలి, కెమికల్ యాంకర్ అయితే పూర్తిగా గట్టిపడే దాకా ఆగాలి, తర్వాత లాగి టెస్ట్ చేయాలి.

కంప్యూటర్ వాళ్ళ భాషలో దీన్ని సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటాం. హార్నెస్, తాడు, కొక్కెం, యాంకర్, కాంక్రీటు అన్నీ వరసగా కలిసి ఉంటాయి. ఇందులో ఏ ఒక్కటి వదిలినా మొత్తం వదిలేసినట్టే. పక్కన బ్యాకప్ సర్వర్ ఏమీ ఉండదు.

తాడు పొడవు

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది ఇదే. యాంకర్ బాగున్నా, హార్నెస్ బాగున్నా, ఇల్లు చిన్నదైతే అవి పనిచేయకపోవచ్చు.

లెక్క చూద్దాం. స్లాబు అంచులో, కాళ్ళ ఎత్తులో మంచి యాంకర్ ఉంది. తాడు 2 మీటర్లు. హార్నెస్ వీపు మీద తాడు తగిలించే డి-రింగ్ నుంచి కాళ్ళ దాకా సుమారు 1.5 మీటర్లు. మనిషి పడితే, తాడు పూర్తిగా బిగుసుకునేటప్పటికి అతని కాళ్ళు స్లాబుకి 3.5 మీటర్ల కింద ఉంటాయి. మామూలు ఒక అంతస్తు డాబా ఎత్తు 11 అడుగులు, అంటే 3.35 మీటర్లు. తాడు బిగుసుకునే లోపే కాళ్ళు నేలకి తగిలేశాయి!

దీనికి షాక్ అబ్జార్బర్ సాగే దూరం కలపాలి. ఈఎన్ ప్రమాణంలో అది 1.75 మీటర్ల దాకా ఉండొచ్చు. ఇంకో మీటరు జాగ్రత్త కోసం వదలాలి. మొత్తం 6.25 మీటర్లు, అంటే 20 అడుగుల పైనే. రెండంతస్తుల ఇంటికి కూడా అది బొటాబొటి. పైగా కాళ్ళ దగ్గర యాంకర్ పెడితే తాడు బిగిసే ముందు పడే దూరం 2 కాదు, 3.5 మీటర్లు. అన్ని తాళ్ళూ దానికి తయారు చేసినవి కావు. యాంకర్ తల కంటే పైన ఉంటే పడే దూరం బాగా తగ్గుతుంది. అందుకే వీలైనంత ఎత్తున తగిలించుకోమంటారు.

మరి ఒక అంతస్తు ఇంటి మీద ఏం చేయాలి? పడ్డాక ఆపడం కాదు, అసలు అంచు దాకా పోనివ్వకుండా ఆపాలి. యాంకర్‌ని స్లాబు లోపలి వైపు పెట్టి, మనిషి అంచుని దాటలేనంత పొట్టి తాడు వాడాలి. దొడ్లో గేదెని కట్టేసినట్టే. పలుపు పొడవు ఎంతో గేదె తిరిగేది అంతే, పక్కవాళ్ళ చేలోకి పోలేదు.

ఇందులోనూ ఒక చిన్న జామెట్రీ ఉంది. 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు డాబా. సరిగ్గా మధ్యలో ఒక యాంకర్. దగ్గర అంచు 10 అడుగుల దూరంలో ఉంది కాబట్టి తాడు 8 అడుగులు పెట్టాం. కానీ మూల 18 అడుగుల దూరంలో ఉంది (10, 15ల పైథాగరస్). మూలలో పని ఉంటే 8 అడుగులు చాలదు. సరే అని 17 అడుగులకి వదిలితే, అదే మనిషి పక్కకి తిరిగితే 10 అడుగుల దగ్గరే అంచు దాటేస్తాడు. కాబట్టి ఒక్క యాంకర్ చాలదు. ఎక్కడెక్కడ పని ఉందో చూసి, ముందే రెండు మూడు చోట్ల పెట్టుకోవాలి. ఒకదాని నుంచి ఇంకోదానికి మారేటప్పుడు కొత్తది తగిలించాకే పాతది విప్పాలి. దానికోసమే రెండు కొక్కేల తాడు ఉంటుంది.

యాంకర్‌కి బాగా పక్కకి వెళ్ళి పనిచేస్తే ఇంకో ప్రమాదం. జారితే మనిషి తిన్నగా కిందకి రాడు, గడియారం లోలకంలా ఊగుతాడు. ఊగి గోడకో మెట్లకో కొట్టుకుంటాడు. తాడు స్లాబు అంచుకో రేకు అంచుకో రాసుకుని తెగొచ్చు కూడా. అంచు పదునుగా ఉంటే అక్కడ మెత్తటి కవచం వేయాలి, లేదా యాంకర్ చోటు మార్చాలి.

నడుముకి తాడు వద్దు

నడుముకి తాడు కట్టుకుని పడితే, ఆ బలం అంతా పొట్ట మీదా వెన్నెముక మీదా పడుతుంది. మనిషి అందులోంచి జారిపోవచ్చు కూడా. ఒళ్ళంతా పట్టే హార్నెస్ ఆ బలాన్ని తొడలకీ, భుజాలకీ, ఛాతీకీ పంచుతుంది. మన దేశంలో దీనికి ఐఎస్ 3521 ప్రమాణం ఉంది. కొనేటప్పుడు ఆ నంబరు చూసుకోవాలి. ఒకసారి పతనాన్ని ఆపిన హార్నెస్, తాడు, అబ్జార్బర్ మళ్ళీ వాడకూడదు, చూడటానికి బాగానే ఉన్నా సరే. ఆ యాంకర్‌ని కూడా తెలిసినవాళ్ళు పరీక్ష చేసేదాకా ముట్టుకోకూడదు.

ఇంకో విషయం ఎవరూ అనుకోరు. తాడు పనిచేసింది, మనిషి గాల్లో వేలాడుతున్నాడు. తర్వాత? హార్నెస్‌లో కదలకుండా వేలాడితే కాళ్ళలో రక్తం పైకి రాక కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పొచ్చు. 108కి ఫోన్ చేయాల్సిందే, కానీ వాళ్ళు వచ్చేదాకా చూస్తూ కూర్చుంటే ఆలస్యం అవుతుంది. ఎలా దింపాలి, నిచ్చెన ఎక్కడుంది, ఎవరు దింపుతారు అన్నది ఎక్కకముందే అనుకోవాలి. అందుకే పైన ఒక్కడినే ఎప్పుడూ వదలకూడదు.

రేకుల షెడ్లు

మన చుట్టుపక్కల డాబాల కంటే భయపడాల్సినవి సిమెంటు రేకులు. రైసు మిల్లులు, కోళ్ళ ఫారాలు, గోడౌన్లు ఎక్కడ చూసినా అవే. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను లాంటిది వచ్చిపోయాక రేకులు మార్చడానికి ఎక్కేవాళ్ళు ఎంతమందో మీరే చూసి ఉంటారు. అక్కడ పడేది అంచు నుంచే కాదు, కాలి కింద రేకు పగిలి. పాత సిమెంటు రేకు మనిషి బరువు మోస్తుందన్న నమ్మకం లేదు. మధ్యలో వెలుతురు కోసం వేసే ఫైబర్ రేకులు ఇంకా ప్రమాదం. ఊక దుమ్ము పట్టి పక్క రేకుల్లాగే కనిపిస్తాయి.

రేకు బిగించిన బోల్టుకి కొక్కెం తగిలించడం డిష్ గొట్టానికి కట్టినట్టే. కింద ఉన్న ట్రస్సుకి, ఇంజనీరు చూసిన చోట తాడు తగిలించాలి. రేకుల మీద నేరుగా నడవకుండా పర్లిన్ల మీద ఆనేలా పలకలు వేసుకోవాలి. వీలైతే అసలు ఎక్కకుండా, కింద నుంచి లిఫ్ట్ మీద పని చేయాలి. ఎత్తులో పని గురించి ఎక్కడ చదివినా మొదటి నియమం ఇదే: ఎక్కకుండా అవుతుందా చూడు. ఎక్కక తప్పకపోతే అంచుకి కంచె పెట్టు. అదీ కుదరకపోతేనే తాడు, యాంకర్.

ఎవరి బాధ్యత?

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 32వ సెక్షన్‌లోనే, పడిపోయే అవకాశం ఉన్న ఎత్తులో మనిషి పనిచేస్తుంటే కంచెతోనో మరోలానో అతని భద్రతకి ఏర్పాటు చేయాలని ఉండేది. ఇది చిన్న సమస్య అనుకోకండి. బ్రిటన్‌లో 2023-24లో పనిలో చనిపోయిన 138 మందిలో 50 మంది ఎత్తు నుంచి పడినవాళ్ళే. అంత కట్టుదిట్టంగా ఉండే చోటే అలా ఉంది.

మన దగ్గర ఈ పని ఇంకా పెరుగుతుంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం లక్ష్యం కోటి ఇళ్ళు. 3 కిలోవాట్ల ప్యానెళ్ళకి 78,000 రూపాయల సబ్సిడీ. ప్యానెళ్ళకి కంపెనీలు సాధారణంగా 25 ఏళ్ళు హామీ ఇస్తాయి. అంటే బిగించిన రోజుతో అయిపోదు, పాతికేళ్ళు ఎవరో ఒకరు కడగడానికో రిపేరుకో ఎక్కుతూనే ఉంటారు. పైగా కింద చోటు పోకూడదని చాలామంది ప్యానెళ్ళని తలెత్తు స్టాండు మీద పెట్టిస్తున్నారు. అక్కడ నిలబడిన మనిషికి పిట్టగోడ కాళ్ళ కింద ఉంటుంది, దాని వల్ల ఉపయోగం ఏముంది? స్టాండు డిజైన్ చేసేటప్పుడే యాంకర్లు కూడా పెట్టిస్తే పాతికేళ్ళకి పనికొస్తాయి.

ఎక్కే కుర్రాడిని మాత్రం తప్పు పట్టలేం. రోజుకి రెండు ఇళ్ళు పూర్తి చేయమంటే, హార్నెస్ ఇవ్వకపోతే, అతనేం చేస్తాడు? "నేను ఎక్కను" అనే హక్కు కాగితం మీద ఉండొచ్చు. రేపటి కూలి పోతుందన్న భయం అంతకంటే గట్టిది. ఆ మాట అడగగలిగింది డబ్బులిచ్చే మనం. కాంట్రాక్టరుతో రేటు మాట్లాడేటప్పుడే ఇవి కూడా అడగండి:

తాడు దేనికి కడతారు? అది ఎంత మోస్తుందో ఎవరు చూశారు?
నడుము బెల్టా, ఒళ్ళంతా పట్టే హార్నెస్సా?
జారితే కాళ్ళు నేలకి తగలకుండా ఎత్తు సరిపోతుందా? లేకపోతే తాడు పొట్టిగా పెడతారా?
వేలాడితే ఎవరు, ఎలా దింపుతారు?
వాన పడితే పని ఆపుతారా?

దీనికి ఖర్చు పెరుగుతుంది. నిజమే. లక్షల్లో పెట్టే సోలార్‌లో ఇది ఎంత భాగమో మీరే లెక్క వేసుకోండి.

దసరాకి ఇంటికి వెళ్ళినప్పుడు ఈ లెక్కలన్నీ నాన్నకి కాగితం మీద వేసి చూపించాను. రెండు ఆల్టో కార్ల దగ్గర ఆయన ఆగిపోయారు. ప్యానెళ్ళు కడగడానికి మనుషుల్ని పంపుతామని ఫోన్ వస్తే, "పైన తాడు దేనికి కడతారండీ?" అని అడిగారు. అవతలివైపు కాసేపు మాట లేదు. కనుక్కుని చెప్తామన్నారు. ప్రస్తుతానికి ఎవరూ ఎక్కడం లేదు. నాన్నే మెట్ల దగ్గర నిలబడి పొడుగు కర్ర బ్రష్షుతో అందినంత వరకు కడుగుతున్నారు.

ఆ డిష్ గొట్టం మాత్రం పీకేశాం. పెద్ద కష్టపడలేదు, నేనొక్కదాన్నే రెండు చేతులతో ఊపితే వచ్చేసింది.